నాట్ విమానం - నమూనా నిర్మాణం

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో మాధవమాల అనే గ్రామం ఉంది. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు అది చిత్తూరు జిల్లాలోనిదే. కొయ్యలో దేవతామూర్తులను చెక్కే పనికి ఆ ఊరు పేరు పొందింది. అక్కడి శిల్పి ఉలి అందుకొనడానికి ముందే కొలతను నిర్ణయించుకొంటాడు. ఆ కొలతకు శిల్పశాస్త్రం తాలమానమని పేరు పెట్టింది. ముఖం పొడవు ఒక తాలం, తాలానికి పన్నెండు అంగుళాలు. ప్రధాన దైవాలకు విధించిన ఉత్తమ దశతాలంలో మూర్తి మొత్తం ఎత్తు 124 అంగుళాలు. ఈ అంగుళం బడిపిల్లల కొలబద్దమీది అంగుళం కాదు. విగ్రహం ఎత్తులో అది ఒక భాగం మాత్రమే. అందువల్ల విగ్రహం జానెడున్నా నిలువెత్తున్నా ముఖానికీ దేహానికీ నడుమ గల నిష్పత్తి చెక్కుచెదరదు.

ఈ విద్యకు చుట్టరికం గల పని మరొకటి ఉంది. అది నమూనా విమాన నిర్మాణం. ఆకాశంలో ఎగిరిన ఒక విమానాన్ని అరచేతిలో ఇమిడేటంత పరిమాణానికి తగ్గించి, దాని ప్రతి అవయవాన్నీ అదే నిష్పత్తిలో నిలపడం దీని లక్ష్యం. రెండింటికీ కొలతే ప్రాణం. అయితే ఒక భేదముంది. శిల్పి కొలత శాస్త్రం నుండి వస్తుంది. విమాన నమూనా కొలత ఒకనాడు నిజంగా ఉండిన వస్తువు నుండి వస్తుంది. ఆ వస్తువును నడిపినవారు, దానిలో ప్రాణాలు వదిలినవారు నిజమైన మనుషులు. కనుక నమూనాలో జరిగే పొరపాటు ఒక్క అందానికే కాదు, చరిత్రకు కూడా లోటు చేస్తుంది.

నమూనాలలో మిక్కిలి వ్యాప్తి గల నిష్పత్తి 1/72. చూడడానికి ఇది వింత సంఖ్య. ఒక అడుగుకు పన్నెండు అంగుళాలు, ఆరడుగులకు డెబ్బైరెండు. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం బొమ్మ అవుతాడన్నమాట. అడుగులలో లెక్కించే బ్రిటనులో 1930ల నాటికే ఈ నిష్పత్తి స్థిరపడింది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఈ వినోదం యుద్ధావసరంగా మారింది. తలమీదుగా పోయే విమానం తమదో శత్రువుదో క్షణంలో గుర్తించడానికి సైనికులకు తర్ఫీదు కావలసి వచ్చింది. అందుకోసం 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల కొయ్య నమూనాలను చేసి ఇమ్మని ఆ దేశపు పాఠశాల విద్యార్థులను కోరింది. అవీ 1/72 నిష్పత్తిలోనివే. ప్లాస్టిక్ నమూనాల కాలం ఆ పిదప వచ్చింది. భారతదేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులకు నమూనా నిర్మాణం నేటికీ శిక్షణలో భాగమే.

చిత్తూరు సీమ వారికి చేరువైన యుద్ధవిమానాన్ని ఎంచుకోవలసి వస్తే నాట్ పేరు ముందుగా చెప్పవచ్చు. కుప్పం, పలమనేరు సరిహద్దులు దాటితే కర్ణాటకం. ఆ రాష్ట్ర రాజధాని బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారంలోనే భారతీయ నాట్ విమానాలు రూపొందాయి. దీని రూపకర్త బ్రిటిషు ఇంజనీరు పెటర్. యుద్ధవిమానాలు నానాటికీ బరువెక్కి ఖరీదెక్కి పోతున్నాయని భావించి, చిన్నదీ చవకదీ అయిన విమానాన్ని ఆయన సంకల్పించాడు. అది 1955 జూలైలో తొలిసారి ఎగిరింది. బ్రిటను దానిని యుద్ధవిమానంగా స్వీకరించలేదు. భారతదేశం 1956లో నిర్మాణపు హక్కు పొందింది. 1960లో భారత వైమానిక దళపు 23వ స్క్వాడ్రన్‌లో నాట్ ప్రవేశించింది. ఆంగ్లంలో నాట్ అంటే కంటి ముందు ముసిరే దోమ వంటి చిన్న పురుగు. పేరు పెట్టినవారు పొరబడలేదు.

ఎంత చిన్నదో నమూనా చెప్పినట్లు పుస్తకం చెప్పలేదు. నాట్ రెక్కల విస్తారం 6.73 మీటర్లు, పొడవు 8.74 మీటర్లు. 1/72 నిష్పత్తిలో అవి 9.3, 12.1 సెంటీమీటర్లు అవుతాయి. దీనిని ఎదిరించిన పాకిస్థాను సేబర్ విమానపు రెక్కల విస్తారం సుమారు 11.3 మీటర్లు, నమూనాలో 15.7 సెంటీమీటర్లు. రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెడితే నాట్‌ను ఆకాశంలో కనిపెట్టడం సేబర్ చోదకులకు ఎందుకు కష్టమైందో విప్పి చెప్పే పని ఉండదు. 1971 నవంబరు 22న బొయిరా వద్ద 22వ స్క్వాడ్రన్‌కు చెందిన నాలుగు నాట్ విమానాలు సేబర్‌లను ఎదుర్కొని రెండింటిని కూల్చాయి. 1965 యుద్ధం నాటికే ఈ చిన్న విమానానికి 'సేబర్ సంహారి' అనే బిరుదు దక్కింది.

నిర్మాణంలో మొదటి చిక్కు పెట్టె తెరవక ముందే ఎదురవుతుంది. బ్రిటనుకు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ నాట్ నమూనా లోకప్రసిద్ధం. కాని ఆ పెట్టెలో ఉన్నది రెండు ఆసనాల శిక్షణ విమానం. బ్రిటిషు విన్యాస దళం రెడ్ ఆరోస్ 1965 నుండి 1979 వరకు నడిపిన ఎర్రని విమానాలు ఆ రకానివే. దాని పొడవు 9.68 మీటర్లు, రెక్కలు కూడా పెద్దవి. భారతదేశం యుద్ధంలో నడిపినది ఒకే ఆసనం గల నాట్. శిక్షణ విమానానికి త్రివర్ణ చక్రం అతికినంత మాత్రాన అది శ్రీనగరంలో పోరాడిన విమానం కాజాలదు. నమూనాలో తేడా ఒక్క సెంటీమీటరు పైచిలుకే, కాని అది వేరొక విమానం. ఒంటరి ఆసనపు నాట్ పెట్టె దొరకనప్పుడు నిపుణులు కొలతల పటం ముందుంచుకొని మెత్తని కొయ్యలో దేహాన్ని స్వయంగా చెక్కుతారు. మాధవమాల శిల్పికి ఇది వింతగా తోచదు.

పని లోపలి నుండి వెలుపలికి సాగుతుంది. ముందుగా చోదకుని గది. దేహపు రెండు సగాలూ కలిసిన తరువాత అక్కడికి కుంచె పోదు. ఆసనం, పరికరాల పలక, నియంత్రణ దండం అమర్చి రంగు వేయాలి. ఆసనపు పట్టీలను పలుచని లోహపు రేకును సన్నగా కత్తిరించి చేస్తారు. నిజమైన పట్టీ వలెనే అవి వంగి ఒదిగి కూర్చొంటాయి. నాట్ మూడు చక్రాలమీద, ముందుచక్రం ముక్కు కింద ఉండేటట్లు నిలుస్తుంది. ముక్కులో సీసపు గుళ్ళ వంటి బరువు దాచకపోతే నమూనా తోకమీద కూలబడుతుంది. ఈ సంగతి దేహం అతికిన తరువాత గుర్తుకు రావడం కద్దు.

ప్లాస్టిక్ జిగురు మామూలు జిగురు వంటిది కాదు. అది రెండు అంచులనూ కొద్దిగా కరిగించి ఒకటి చేస్తుంది. కనుక చుక్క ఎక్కువైతే పైతలమే కరిగిపోతుంది. అతుకు వెంట మిగిలిన సందును లప్పంతో పూడ్చి, ఆరిన పిదప తడిపిన గరుకు కాగితంతో రుద్దాలి. ఇక్కడ లెక్క నిర్దయగా ఉంటుంది. నమూనామీద పావు మిల్లీమీటరు గాడి అసలు విమానంమీద 18 మిల్లీమీటర్ల కందకమవుతుంది. రంగుపూత మందం పదోవంతు మిల్లీమీటరున్నా అది 7 మిల్లీమీటర్ల దళసరి పలకతో సమానం. అందుకే ఒకే మందపు పూత కాక, పలుచని పూతలు రెండో మూడో వేస్తారు. గాలి తుంపరతో రంగు చిమ్మేవారికి ఈ సీమ వాతావరణమూ పరీక్ష పెడుతుంది. మే నెల ఎండలో తుంపర నమూనాను చేరకముందే ఆరి పొడిగా రాలుతుంది. ఈశాన్య ఋతుపవనాల చెమ్మలో మెరుగుపూత తెల్లగా మసకబారుతుంది.

నాట్‌కు రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు ఉండేవి. దేహానికి ఇరుప్రక్కలా గల గాలిద్వారాల అంచులలో, పక్కకొకటి చొప్పున, వాటిని అమర్చారు. 30 మిల్లీమీటర్ల గొట్టపు రంధ్రం నమూనాలో 0.42 మిల్లీమీటర్లు. ఏ అచ్చూ అంత సన్నని బోలు గొట్టాన్ని పోయలేదు. వైద్యుని ఇంజెక్షను సూదిని అడ్డంగా కోసి అతికితే సరిపోతుంది. ఫిరంగి మూతి వెనుక పొగమసి చారను పెన్సిలు పొడితో అద్దుతారు. అయితే ఈ విమానపు ఫిరంగులు పోరులో తరచు మొరాయించేవని 1965 నాటి అనుభవం. అట్టి విమానానికి దట్టమైన మసి పులమడం అందమే కావచ్చు, సాక్ష్యం మాత్రం కాదు. చక్రాల తలుపులనూ గమనించాలి. చక్రాలను సగం దించితే గాలి వేగం తగ్గించే ఏర్పాటు నాట్‌లో ఉండేది. కనుక ఆ తలుపులు కేవలం మూతలు కావు. తీగవలె సన్నని అవయవాలకు మరొక ఉపాయముంది. నమూనా చట్రంలో మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగపై వేడిచేసి మెల్లగా సాగదీస్తే వెంట్రుక వంటి పోగు వస్తుంది.

రంగు విషయం కొంత విపులంగా చెప్పదగినది. అసలు విమానానికి వేసిన రంగునే డబ్బాతో తెచ్చి నమూనాకు పూస్తే అది నల్లబడినట్లు కనిపిస్తుంది. కారణం దూరం. మీటరు దూరం నుండి చూసే 1/72 నమూనా, 72 మీటర్ల దూరం నుండి చూసే విమానంతో సమానం. నడుమనున్న గాలి రంగును పలుచబరుస్తుంది. తిరుపతి వీథులనుండి చూసేవారికి శేషాచలం నీలిఛాయలో కనిపిస్తుంది. మెట్లు ఎక్కేవారికి ఎర్రని రాయి, పచ్చని చెట్టు వేర్వేరుగా తోస్తాయి. కొండ ఒక్కటే. ఆ నడిమి గాలిని నమూనాలోకి తేవడానికి రంగులో కొద్దిపాటి తెలుపు కలుపుతారు.

ఏ రంగు అన్నది మరొక ప్రశ్న, దానికి జవాబు తేదీలో ఉంటుంది. 1965 యుద్ధం మొదలైనప్పుడు నాట్ విమానాలు లోహపు వెండి మెరుపుతో ఎగిరేవి. మరుగురంగుల పూత ఆ పిదప వచ్చింది. 1965నాటి విమానానికి ఆకుపచ్చ మరుగుపూత వేయడం గాంధీజీ చేతికి చరఖాకు బదులు కుట్టుమిషను ఇవ్వడం వంటిది. రెక్కలమీది చక్రపు గుర్తులు మరింత మాట్లాడుతాయి. హైదరాబాదులో 1923లో జన్మించి, 1978 నుండి 1981 వరకు భారత వైమానిక దళాధిపతిగా ఉన్న ఇద్రిస్ హసన్ లతీఫ్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలను నడిపారు. అక్కడి గుర్తులలో నడిమి చుక్క ఎరుపు. అదే హరికేన్ బర్మా రంగంలో ఎగిరితే ఆ ఎరుపు ఉండదు, నీలిఛాయలే ఉంటాయి. జపాను విమానాలకు ఎర్రని సూర్యబింబం గుర్తు కావడమే అందుకు కారణం. తప్పుచుక్క అక్కడ స్వపక్షపు తూటాను పిలిచేది. స్వాతంత్ర్యానంతరపు నాట్‌కు వెలుపల కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ.

ఈ గుర్తులను నీటిలో నానవేసి జార్చే పలుచని పొరలుగా ముద్రిస్తారు. గరుకు తలంమీద అతికితే అడుగున గాలి చిక్కుకొని వెండిపొరలా మెరుస్తుంది. అందువల్ల ముందు నిగనిగలాడే పూత, ఆపై గుర్తు, చివర మెరుపు తగ్గించే పూత వేయడం పద్ధతి.

సాక్ష్యానికి సంగ్రహాలయాలకు పోవచ్చు. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ సంగ్రహాలయంలో నాట్ ఉంది. ఆకృతికీ కొలతకూ దానిని మించిన గురువు లేదు. రంగుకు మాత్రం సంగ్రహాలయాన్ని పూర్తిగా నమ్మరాదు. ఆరుబయటా ప్రదర్శనశాలలలోనూ నిలిపిన విమానాలకు పలుమార్లు రంగులు వేస్తారు. ఆ యుద్ధకాలంలో తీసిన మసకబారిన ఛాయాచిత్రమే అక్కడ ఎక్కువ విలువైనది.

1971 డిసెంబరు 14న ఆరు సేబర్‌లు శ్రీనగరం విమానక్షేత్రంపై దాడి చేశాయి. బాంబులు పడుతుండగానే 18వ స్క్వాడ్రన్‌కు చెందిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ తన నాట్‌ను పైకి లేపి ఒంటరిగా పోరాడి నేలకొరిగారు. వైమానిక దళంలో పరమవీరచక్ర పొందినవారు నేటికీ ఆయన ఒక్కరే. నాట్ నమూనా చేసేవారిలో పలువురు ఈ విమానాన్నే కోరుకొంటారు. గాజు కప్పు తెరిచి ఖాళీ ఆసనం చూపేవారు కొందరు, 2.3 సెంటీమీటర్ల చోదకుని కూర్చోబెట్టి కప్పు మూసేవారు కొందరు. మొదటి పద్ధతిలో లోపలి పనితనం కనిపిస్తుంది. ఆనాటి ఉదయానికి రెండవదే తగినది.

నమూనాను దుమ్ము సోకని గాజుపెట్టెలో, చిన్న కొయ్యపీఠంమీద నిలిపి, ముందు ఒక చీటీ అతికిస్తారు. విమానం పేరు, నిష్పత్తి, స్క్వాడ్రన్, స్థలం, తేదీ అందులో రాస్తారు. తోకమీది క్రమసంఖ్యకు తగిన ఆధారం దొరకనప్పుడు, తోచిన అంకె వేయక ఆ చోటు ఖాళీగా విడిచిపెట్టేవారున్నారు. ఛాయాచిత్రం చేతికందిన నాడు సన్నకుంచెతో ఆ అంకెలు దిద్దుతారు.