వెనుక బండికి విద్యుత్తు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడకు సాగు రహదారిపై రాత్రివేళ పోవువారికి, వెనుక ఒక్క దీపమైనను లేని ట్రాక్టరు ట్రాలీ అప్పుడప్పుడు ఎదురగుచుండును. ట్రాక్టరు దీపములను ట్రాలీ కప్పివేయును. వెనుక వచ్చువాడు దానిని గుర్తించునప్పటికి బ్రేకు వేయుటకు వ్యవధి ఉండదు. కారు వెనుక కట్టుకొనిపోవు విహార ట్రెయిలరు మన ప్రాంతమున అరుదే. అయినను రెంటికిని విద్యుత్సూత్రమొక్కటే. మేము భాషను బోధించువారమే అయినను, ప్రాణములకు సంబంధించిన విషయమగుటచే దీనిని విద్యార్థుల ముందుంచుచున్నాము.

మొదట చూడవలసినది వోల్టేజి. కార్లు, ట్రాక్టర్లు సాధారణముగా 12 వోల్టులతోను, పెద్ద లారీలు 24 వోల్టులతోను పనిచేయును. 12 వోల్టుల బల్బును 24 వోల్టులకు కలిపినచో మాడిపోవును.

రెండవది సాకెట్టు. దీపములకు మాత్రమే అయినచో ఏడు పిన్నులు చాలును. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి 1వ పిన్ను ఎడమ మలుపు దీపమునకు, 4వది కుడి మలుపు దీపమునకు, 5వది కుడి వెనుక దీపమునకు, 7వది ఎడమ వెనుక దీపమునకు, 6వది బ్రేకు దీపములకు, 2వది పొగమంచు దీపమునకు, 3వది ఎర్తుకు చెందును. బండిలో రిఫ్రిజిరేటరు, బ్యాటరీ ఉన్నచో 13 పిన్నుల సాకెట్టు తగినది. మలుపు దీపము వేసినప్పుడు తక్కిన దీపములు కూడ మిణుకుమిణుకుమన్నచో, ముందుగా అనుమానింపదగినది ఎర్తు తీగ.

మూడవది తీగ మందము. ఇచట ఓమ్ నియమము అక్కరకు వచ్చును. 21 వాట్ల బ్రేకు బల్బులు రెండు 12 వోల్టులపై 3.5 ఆంపియర్లు తీసికొనును. 120 వాట్ల రిఫ్రిజిరేటరుకు 10 ఆంపియర్లు కావలెను. తీగ పొడవు 10 మీటర్లైనచో రాకపోకలకు 20 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఆ 10 ఆంపియర్లకు సుమారు 3.5 వోల్టులు దారిలోనే నష్టమగును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టము 1.4 వోల్టులే. కావున దీపములకు చాలిన తీగ రిఫ్రిజిరేటరుకు చాలదు.

నాలుగవది కలుపు విధము. నేటి కార్లలో దీపములను కంప్యూటరు కనిపెట్టుచుండును. వాని తీగలను కోసి కలిపినచో అది దోషముగా భావింపవచ్చును. కావున ట్రెయిలరు దీపములకు కావలసిన కరెంటును ఫ్యూజు ద్వారా బ్యాటరీ నుండి తీసికొని, కారు తీగలనుండి సంకేతమును మాత్రమే గ్రహించు ప్రత్యేక రిలే పెట్టెను అమర్చుట క్షేమము.

ఇవన్నియు చేసినను, బయలుదేరుటకు ముందు ఒకరు బ్రేకు తొక్కగా మరొకరు వెనుక నిలిచి చూడవలెను. కరెంటు అవసరము లేని ఎర్రని రిఫ్లెక్టర్లను కూడ అమర్చవలెను. తీగ తెగిననాడు అవియే రక్ష.

ట్రాలీకి కావలసినది ఒక సాకెట్టు, కొన్ని బల్బులు, కొన్ని మీటర్ల తీగ. మన విద్యార్థులలో ట్రాక్టరుగల కుటుంబములవారు సెలవులలో ఈ పని పూనుకొన్నచో, తరగతిలో నేర్చిన పాఠము ఒక ప్రాణమును కాపాడగలదు.