సమాధి రాయి చెప్పు సంగతి

బ్రిటీషు సైనికుని సమాధి రాతిని ఎట్లు చదువవలెనో ఈ నెల నేర్చుకొందము. 1939–45 యుద్ధములో చనిపోయిన వాని రాతిపై సంఖ్య, హోదా, పేరు, రెజిమెంటు, మరణ దినము ఉండును. అంతకుముందటి మహాయుద్ధములో అతడు చేసిన సేవను గూర్చి సాధారణముగా ఒక్క మాటయు నుండదు. అయినను మనము తొందరపడి వెళ్లిపోరాదు.

మొదట వయస్సు చూడుడి. 1941లో 45 ఏండ్ల వాడై చనిపోయిన యెడల, 1914లో అతనికి దాదాపు 18 ఏండ్లు. పిమ్మట సంఖ్య చూడుడి. 1920లో ఆ సైన్యము ఒక్కొక్క రెజిమెంటుకు ఒక సంఖ్యల వరుసను కేటాయించెను. సైనికుడు వేరొక రెజిమెంటుకు మారినను అతని సంఖ్య మారలేదు. గనుక రాతిపై ఒక రెజిమెంటు పేరున్నను, సంఖ్య అతని పాత రెజిమెంటును చూపవచ్చును. దానినిబట్టి లండనులోని క్యూ దస్త్రాలయమందు మొదటి యుద్ధపు పతకముల కార్డును వెదకవచ్చును.

అయితే 1940 సెప్టెంబరులో పడిన బాంబుల వలన మొదటి యుద్ధపు సైనికుల సేవా పత్రములు సగముకంటె ఎక్కువ నశించెను. కాగితము దొరకనంత మాత్రమున సేవయే లేదని మనము తీర్పు తీర్చరాదు. పేరు తెలియని సైనికుల రాళ్లపై, వారు దేవునికి తెలిసినవారని చెక్కియున్నారు గదా! మన పెద్దల సేవనైనను, ఎరిగినవారు బ్రదికియుండగనే వ్రాసి ఉంచుదము.