స్లిక్‌రాక్‌కు వెళ్లే ముందు

చిరంజీవి మేనకోడలికి,

అక్టోబరులో స్నేహితులతో మోయాబ్ వెళ్లి స్లిక్‌రాక్ ట్రైల్ మీద సైకిలు తొక్కుతామని రాశావు. డెన్వర్ చుట్టుపక్కల నీలి గుర్తు ట్రైల్స్ అన్నీ అలవాటయ్యాయి, ఇక నల్ల డైమండేగా అన్నావు. తప్పకుండా వెళ్లు. అయితే ట్రైల్ ఎంత కష్టమో చెప్పే ఆ రంగు గుర్తులు స్కీయింగ్ నుంచి తెచ్చుకున్నవి. ఒక ఊరి నల్ల డైమండూ ఇంకో ఊరి నల్ల డైమండూ ఒకటి కావు. ఆ పూట నువ్వెంత అలసిపోయావో ఆ బోర్డు అసలే చెప్పదు.

ముందు ఆ చోటు ఎలాంటిదో తెలుసుకో. 1969లో మోటారుసైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన దారి అది, సైకిళ్లు తర్వాత వచ్చాయి. దాదాపు 17 కిలోమీటర్ల చుట్టు. సుమారు 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి దిబ్బలు గట్టిపడి రాయిగా మారాయి. అందుకే అక్కడ చదును నేల చాలా తక్కువ, ఒక దిబ్బ దిగగానే ఇంకోటి ఎక్కాలి. మట్టి బాట ఉండదు, రాయి మీద వేసిన తెల్ల గీతలే దారి. పొడిగా ఉన్నప్పుడు ఆ గరుకు రాయి టైరును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ఇంత నిటారు వాలు ఎలా ఎక్కానా అని నీకే ఆశ్చర్యమేస్తుంది. కానీ దిబ్బల మధ్య ఇసుక గుంటలున్నాయి. దిగిన ఊపులో ముందు చక్రం ఇసుకలో కూరుకుందా, బండి ఆగుతుంది, నువ్వు ఆగవు.

అక్కడ నిన్ను కాపాడేది చూపు. కొత్తవాళ్ల కళ్లు చక్రం ముందున్న రాయికే అతుక్కుపోతాయి. భయపెట్టేదాన్నే చూడాలనిపించడం సహజం. అయితే కళ్లు ఎటు పోతే భుజాలు అటు తిరుగుతాయి, వాటి వెంట హ్యాండిల్ పోతుంది. రాయినే చూస్తూ రాయిని తప్పించుకోలేవు. రెండు మూడు సెకన్ల తర్వాత చక్రం ఎక్కడ ఉండబోతుందో అక్కడ చూడు. వేగం పెరిగేకొద్దీ చూపు ఇంకా దూరం పోవాలి. ఇసుక ముందే కనబడితే నడుము వెనక్కి జరిపి, ముందు చక్రం మీద బరువు తగ్గించి నేరుగా దాటేస్తావు. ఏళ్ల తరబడి తొక్కినవాళ్లకూ నీకూ తేడా కాళ్ల బలంలో పెద్దగా లేదమ్మా. వాళ్లు చోటు రాకముందే ఏం చేయాలో తేల్చుకుంటారు.

ఇక బ్రేకు. మన ఊళ్లో సైకిలు నేర్పేటప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దని భయపెట్టేవాళ్లు. ఆ భయం వదిలేయ్. దిగుడులో బరువు ముందుకు వస్తుంది కాబట్టి ఆపే శక్తి చాలావరకు ముందు చక్రంలోనే ఉంటుంది. ఒక్క వేలితో మెల్లగా మొదలుపెట్టి క్రమంగా బిగించు. మలుపు రాకముందే వేగం తగ్గించు, మలుపులో టైరుకున్న పట్టు తిరగడానికే సరిపోతుంది. దిగేటప్పుడు సీటు కిందికి దించి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి వాటి మీద నిలబడు. మడమలు కిందికి, మోచేతులు బయటికి, మోకాళ్లు వదులుగా ఉండాలి. ఎక్కేటప్పుడు సీటు కొసకు జరిగి ఛాతీ ముందుకు వంచు. గేరు వాలు మొదలుకాకముందే మార్చు. ఆగిపోతున్నానని తెలియగానే కాలు దించు, అదీ ఎత్తు వైపు కాలే.

ఇవన్నీ మోయాబ్‌లో నేర్చుకునేవి కావు. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బండి కదలకుండా నిలబడడం, ముందు చక్రం లేపి ఫుట్‌పాత్ గట్టు ఎక్కడం రోజూ కాసేపు చెయ్యి. స్లిక్‌రాక్ మొదట్లోనే చిన్న ప్రాక్టీస్ లూప్ ఉంది. పొడవు తక్కువే గాని కష్టం పెద్ద చుట్టుకు తీసిపోదు. అది పూర్తయ్యేసరికి చేతులు వణుకుతుంటే ఆ రోజుకు అంతే.

అనుమానం వచ్చిన ప్రతిచోటా దిగి, నడిచి చూడు. ఏ గీతన దిగాలి, ఎక్కడ బ్రేకు వదలాలి, తప్పితే ఎటు పడాలి? ఈ మూడింటికీ జవాబు దొరికితేనే తొక్కు, దొరక్కపోతే బండి నడిపించుకుని వెళ్లు. నేను చూసినంతలో చూద్దాంలే అని సగం మనసుతో దిగినవాళ్లే ఎక్కువగా పడ్డారు. కింద స్నేహితులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారని మాత్రం ఎప్పుడూ దిగకు. ఈ ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను.

రాళ్ల పక్కన నల్లగా, బుడిపెలుగా కనిపించే మట్టి పొరకు ప్రాణముంది. సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లుకున్న పొర అది, ఇసుక గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒక్క టైరు జాడ పడినా మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు. దారి తప్పితే రాయి మీదే ఆగి, తెల్ల గీత కనిపించేదాకా వచ్చిన వైపే వెనక్కి నడువు.

దారిలో నీళ్లు దొరకవు, మూడు లీటర్లకు తక్కువ పట్టుకెళ్లకు. హెల్మెట్‌కు ఇంతకుముందు గట్టి దెబ్బ తగిలి ఉంటే పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. నీదాని సంగతేమిటో వెంటనే రాయి.

ఇట్లు,
మామయ్య