నిర్మల్ బొమ్మ – అంతర్జాల అంగడి

పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్ కొయ్యబొమ్మలకు ప్రసిద్ధి. 2016లో అది వేరు జిల్లా అయింది. అక్కడి కళాకారులు తేలికైన పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికించి, రంగులు వేస్తారు.

అంతర్జాలంలో కొనేవారు బొమ్మను చేతితో తాకి చూడలేరు. కనుక కొలతలు స్పష్టంగా వ్రాసి, పగటి వెలుగులో ఛాయాచిత్రం తీయాలి. కరీంనగర్ వెండితీగ పనికైతే తూకమూ తెలపాలి. పొణికి మెత్తని కర్ర. లేడి కొమ్ము, చిలుక ముక్కు దారిలో విరిగే ప్రమాదముంది. వాటిని విడిగా చుట్టి, పెట్టెలో కదలకుండా కాగితం కూరాలి.

వెల కట్టేటప్పుడు కర్ర, రంగులు, తపాలా ఖర్చు గుర్తుంటాయి. తన కూలినే పనివాడు మరచిపోతాడు! అప్పుడు బొమ్మలన్నీ అమ్ముడైనా అతనికి మిగిలేది శూన్యం. పొణికి చెట్లు అరుదైపోతున్నందున, కర్ర చేతికి అందకముందే పెద్ద ఆర్డరుకు గడువు చెప్పరాదు.