నిదానంగా కరిగే నత్రజని ఎరువులు – తయారీ విధానం

ఉపకార వేతనాలకు దరఖాస్తు పెట్టుకున్నవారిలో వ్యవసాయ బి.ఎస్సీ., కెమికల్ ఇంజనీరింగ్ కోరుకునేవారు పెరిగారని, వారికి పనికివచ్చేలా ఎరువుల రసాయనం మీద ఒక పాఠం రాయమని సంపాదకవర్గం వారు నన్ను అడిగారు. నేను గంగావతి దగ్గర పి.యు. కాలేజీలో రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. తుంగభద్ర నీళ్లు వచ్చాక కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్యాంపుల పిల్లలే నా శిష్యుల్లో ఎక్కువమంది. వాళ్లు కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు. పొలం సంగతి మాత్రం ఇంట్లో నాన్నతో తెలుగులోనే మాట్లాడాలి. అందుకే ఈ పాఠం తెలుగులో రాస్తున్నాను.

ముందు మామూలు యూరియా సంగతి. రెండు అణువుల అమోనియా, ఒక అణువు కార్బన్ డయాక్సైడ్ సుమారు 180 డిగ్రీల వేడిలో, 140 వాతావరణాలు లేదా అంతకు మించిన పీడనంలో కలిసి అమోనియం కార్బమేట్ అవుతాయి. అందులోంచి నీరు పోతే మిగిలేది యూరియా. కరిగిన యూరియాను ఎత్తైన టవరు పైనుంచి చినుకుల్లా వదిలితే గాలిలో చల్లబడి తెల్లటి గుళికలై కిందపడుతుంది. యూరియా అణుభారం 60, అందులో నత్రజని 28. అంటే నూటికి సుమారు 46 పాళ్లు. ఘనరూపంలో వాడే మామూలు నత్రజని ఎరువుల్లో ఇంత గాఢమైనది వేరే లేదు.

దాని చిక్కల్లా తొందరగా కరగడమే. మట్టిలో యూరియేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది రోజుల్లోనే అమోనియం కార్బొనేట్‌గా మారుస్తుంది. పైపైన చల్లితే కొంత అమోనియా వాయువుగా గాలిలో కలుస్తుంది. మిగతాదాన్ని నైట్రోసోమోనాస్ బాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేటును మట్టి పట్టి ఉంచుకోలేదు, నీటితోపాటు కిందికి దిగిపోతుంది. నీళ్లు నిలిచిన వరిమడిలో ఇంకో నష్టం ఉంది: పైపొరలో తయారైన నైట్రేటు గాలి ఆడని కింది పొరలోకి దిగగానే అక్కడి బాక్టీరియా దాన్ని నత్రజని వాయువుగా, నైట్రస్ ఆక్సైడ్‌గా మార్చి వదిలేస్తాయి. వరికి వేసిన యూరియా నత్రజనిలో పైరుకు అందేది సాధారణంగా 30 నుంచి 40 శాతమే. 45 కిలోల బస్తాలో నత్రజని 20.7 కిలోలు, అందులో పైరు తినేది ఏడెనిమిది కిలోలు. మిగిలింది గాలిలోకో, కాలువలోకో, మనం తాగే బావిలోకో పోతుంది. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం.

ఈ నష్టం తగ్గించడానికి రసాయన శాస్త్రజ్ఞులు రెండు దారులు పట్టారు. ఒకటి, యూరియాను వేరే పదార్థంతో కలిపి సులభంగా కరగని కొత్త పదార్థం చేయడం. ఫార్మాల్డిహైడ్‌తో కలిపితే ముందు మిథైలాల్ యూరియా ఏర్పడుతుంది; ఆమ్ల మాధ్యమంలో అవి ఒకదానికొకటి ముడిపడి మిథిలీన్ యూరియా గొలుసులవుతాయి. గొలుసు ఎంత పొడవైతే అంత నిదానంగా, మట్టిలోని సూక్ష్మజీవులు కొరికిన కొద్దీ నత్రజని విడుదలవుతుంది. ఇందులో నత్రజని సుమారు 38 శాతం. ఇక్కడ యూరియా పాలు ఎక్కువగా ఉండాలి. ఫార్మాల్డిహైడ్ పాలు పెంచితే తయారయ్యేది ఎరువు కాదు, ప్లైవుడ్ అతికించే జిగురు! ఐసోబ్యుటిరాల్డిహైడ్‌తో చేసే ఐ.బి.డి.యు. ఈ వర్గంలోదే గాని, దాన్ని విడగొట్టేది ముఖ్యంగా నీరు. గుళిక పెద్దదైతే ఇంకా నిదానం.

రెండో దారి, గుళికకు చొక్కా తొడగడం. అమెరికాలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ వారు 1960లలో గంధకం పూత పద్ధతిని అభివృద్ధి చేశారు. ముందుగా వేడిచేసిన యూరియా గుళికలను తిరిగే డ్రమ్ములో దొర్లిస్తూ కరిగిన గంధకాన్ని చిమ్ముతారు. గంధకం చల్లారితే పెళుసు, సన్నటి బీటలు ఇస్తుంది. వాటిని మూయడానికి మైనం, ఆపైన అంటుకోకుండా మెత్తటి పొడి. పూత పలచబడినచోట గుళిక వెంటనే ఖాళీ అవుతుంది, మరీ మందమైతే పంట కోసేదాకా కరగదు. నా ఉద్దేశంలో ఈ పద్ధతి కష్టమంతా పూత సమంగా పట్టించడంలోనే ఉంది. పాలిమర్ పూత ఇంతకన్నా నమ్మకమైనది: నీటి ఆవిరి లోపలికి వెళ్లి యూరియాను కరిగిస్తుంది, ఆ ద్రావణం పొరగుండా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ధర మాత్రం నర్సరీలకు, పచ్చిక మైదానాలకు సరిపోయేదే గాని వరికి కాదు.

మరి మన వేపపూత యూరియా? 2015లో దేశంలో తయారయ్యే వ్యవసాయ యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. చాలామంది విద్యార్థులు దీన్ని గంధకం పూత కోవలో రాసేస్తారు. టన్ను యూరియాకు చిమ్మే నూనె కిలో కూడా ఉండదు, అది నీటిని ఆపే చొక్కా కాదు. వేపలోని చేదు పదార్థాలు నైట్రేటు తయారుచేసే బాక్టీరియాను మందగింపజేస్తాయి, అంతే. గుళిక మామూలుగానే కరుగుతుంది. ఇంకో ఉద్దేశం, రాయితీ యూరియా ఆ జిగురు ఫ్యాక్టరీల వైపు మళ్లకుండా చూడడం. మా పెద్దలు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి ఒక రోజు ఉంచి చల్లేవారు. వ్యవసాయ శాఖవారూ అదే చెప్పేవారు.

2023లో యూరియా గోల్డ్ పేరుతో గంధకం పూత యూరియా మన దేశంలో విడుదలైంది. నత్రజని 37 శాతం, గంధకం 17 శాతం. 2024 జనవరిలో దీని 40 కిలోల బస్తాకు 266 రూపాయల 50 పైసలు ధర నిర్ణయించారు, అంటే 45 కిలోల వేపపూత బస్తా ధరే. లెక్క కట్టండి: వేపపూత బస్తాలో కిలో నత్రజని దాదాపు 12 రూపాయల 90 పైసలు, గోల్డ్ బస్తాలో 14.8 కిలోలే గనుక 18 రూపాయలు. గంధకం లోపించిన నేలలో వేరుశనగ వేసేవారికి ఈ తేడా గిట్టుతుంది. గంధకం చాలినంత ఉన్న నేలలో బస్తా కొనేముందు మట్టి పరీక్ష కాగితం చూడమని మీ నాన్నగారికి చెప్పండి.

ఒక ప్రశ్న వదులుతున్నాను. పాలిమర్ పూత గుళికలు ఎండాకాలంలో త్వరగా, చలికాలంలో నెమ్మదిగా ఖాళీ అవుతాయి. ఎందుకో పది వాక్యాల్లో తెలుగులో రాసి బులెటిన్ చిరునామాకు పంపండి, దిద్ది తిరిగి పంపుతాను.