కార్యాలయపు కంప్యూటరు నుండి సొంత ల్యాప్‌టాప్‌కు ఫైళ్ళ బదిలీ – తెలిసికొనదగిన విషయాలు

పూర్వం ఉద్యోగికి కచేరీ కాగితం ఏదో, తన సొంత కాగితం ఏదో స్పష్టంగా తెలిసియుండెడిది. మొదటిది కచేరీ బీరువాలోను, రెండవది ఇంటి పెట్టెలోను ఉండెడివి. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఈ రెంటి నడుమ గోడ పలుచబడినది. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించినపుడు, హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో పనిచేయుచున్న శ్రీకాకుళం జిల్లా యువకులు పలువురు కంపెనీ ల్యాప్‌టాప్‌లతో స్వగ్రామాలకు వచ్చి, ఇంటినుండియే ఉద్యోగం చేసినారు. ఆ యంత్రాలలోనే మార్కుల పత్రాలు, పొలం కాగితాల నకళ్ళు, పెండ్లి ఛాయాచిత్రాలు కూడ చేరినవి. ఉద్యోగం మారిన నాడు యంత్రాన్ని అప్పగింపక తప్పదు. మరి అందులోని సొంత ఫైళ్ళ గతి ఏమి? రేపు ఉద్యోగాలలో చేరబోవు విద్యార్థులకు ఉపకరించునని ఈ విషయాన్ని ఇచ్చట వివరింపదలచినాము.

ఏది మనది?

ఫైలును తయారుచేసినవాడే దాని యజమాని అని పలువురు తలచెదరు. ఇది సరికాదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగ విధిలో భాగంగా రచించినదానికి, వేరు ఒడంబడిక లేనియెడల, యజమానియే మొదటి హక్కుదారు. కావున ఉద్యోగి స్వయంగా వ్రాసిన నివేదికయైనను, ప్రోగ్రామైనను సొంత ఫైలు కాజాలదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను, కంప్యూటరు యజమాని అనుమతి లేక అందలి సమాచారానికి నకలు తీసినవారిని నష్టపరిహారానికి బాధ్యులను చేయుచున్నది. మోసపు తలంపుతో చేసినచో 66వ సెక్షను క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అందుచేత సొంత ఫైళ్ళకైనను ముందుగా అనుమతి కోరుటయే మర్యాద, క్షేమం.

బదిలీ విధానం

అనుమతి లభించిన పిమ్మట సొంత ఫైళ్ళన్నిటిని ఒక ఫోల్డరులో చేర్చి, కార్యాలయ పత్రమేదియు వాటిలో కలియలేదని చూచుకొనవలెను. పెన్ డ్రైవు వాడువారు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఫ్యాట్ 32 పద్ధతిలో సిద్ధపరచిన డ్రైవులో 4 గిగాబైట్ల పరిమాణంగల ఒకే ఫైలు పట్టదు. పెద్ద వీడియోలకు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతి కావలెను. రెండవది వైరసు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ పెన్ డ్రైవుల ద్వారా కూడ వ్యాపించి, ఇరాన్ దేశపు అణు కేంద్రంలోని యంత్రాలను చెరచినది. అందుచేతనే పలు కార్యాలయాలలో పెన్ డ్రైవులు పనిచేయకుండ కట్టడి చేయుదురు. అట్టిచోట దొడ్డిదారి వెదకక, కంప్యూటరు విభాగం వారినే అడుగవలెను.

ఫైళ్ళను 'కట్' చేయక 'కాపీ' చేయవలెను. నడుమ కరెంటు పోయినను మూలప్రతి నిలుచును. ల్యాప్‌టాప్‌లో ఫైళ్ళను తెరచి, సంఖ్యను, పరిమాణాన్ని సరిచూచిన పిమ్మటనే కార్యాలయపు ప్రతిని తొలగింపవలెను. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసి, బ్రౌజరులో నిలిచిన పాస్‌వర్డులను తుడిచి, సొంత ఈ-మెయిలు నుండి బయటకు రావలెను. ఇంత చేసినను తొలగించిన సమాచారం కొంతకాలం డిస్కులో మిగిలియుండవచ్చును. కనుక రహస్యమైనదానిని మొదటినుండియే అచ్చట ఉంచకుండుట ఉత్తమం.

లిపి చిక్కు

తెలుగు, ఉర్దూ వ్రాయువారికి మరొక చిక్కు కలదు. డి.టి.పి. కేంద్రంలో అను ఫాంట్లతో కూర్చిన తెలుగు, ఆ ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపించును. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో అమర్చుటయే ఇందుకు కారణం. ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ రచన కూడ ఆ సాఫ్ట్‌వేర్ లేనిచోట తెరుచుకొనదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించినది. ఉర్దూ అక్షరాలు అరబిక్ విభాగంలో చేరినవి. రచనను యూనికోడ్‌లోనికి మార్చి, పి.డి.ఎఫ్. ప్రతిని కూడ తీసుకొనినచో ఏ యంత్రంలోనైనను చదువవచ్చును.

చివరి మాట ఒకటి. 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తుపానుకు తిత్లీ అని పేరు. ఉర్దూలో సీతాకోకచిలుక అని అర్థం. పేరు ఎంత సుకుమారమో, నష్టం అంత ఘోరం. ఇండ్లు, తోటలు కూలినవి. పలు గ్రామాలు దినాల తరబడి చీకటిలో ఉండినవి. ఇట్టి తీరంలో నివసించు మనము ముఖ్యమైన ఫైలును ఒకే యంత్రంలో నమ్మి ఉంచరాదు. ఒక ప్రతి ల్యాప్‌టాప్‌లోను, మరొక ప్రతి వేరొక చోట హార్డ్ డిస్కులోను దాచవలెను. పరుల సొత్తును ముట్టక, తన సొత్తును జారవిడువక మెలగుట కంప్యూటరు యుగంలోను విద్యావంతునికి తగిన నడవడి అని మా విశ్వాసం.