తనఖా అప్పులు: వడ్డీ రేటు కంటే దస్తావేజు ముఖ్యం

సీజను ముగిసి సరుకు చేతులు మారిన తర్వాత వర్తకుల వద్ద కొంత సొమ్ము కొన్ని నెలలపాటు ఖాళీగా నిలుస్తుంది. గుంటూరు మిర్చి, దుగ్గిరాల పసుపు, ఆదోని పత్తి, ఏ యార్డును తీసుకున్నా ఇదే వరుస. ఆ సొమ్మును బ్యాంకులో ఉంచే కంటే ఇంటిపైనో, స్థలంపైనో తనఖాకు అప్పిస్తే కూర్చున్న చోటికే నెలనెలా వడ్డీ వస్తుందన్న అభిప్రాయం బజారులో ఉన్నది. ఇందులో నిజం లేకపోలేదు. కాని తనఖా ఉన్నంత మాత్రాన అప్పు భద్రమని భావించడం పొరపాటు.

లెక్క ఎలా ఉంటుంది?

నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అంటే సాలుకు 18 శాతం. రూ. 10 లక్షలపై నెలకు రూ. 15,000, ఏడాదికి రూ. 1,80,000 వస్తుంది. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్న వర్తకుడు ఇందులో సెస్సుతో కలిపి రూ. 56,160 పన్ను చెల్లించాలి. మిగిలేది రూ. 1,23,840. అనగా నికర రాబడి 12.4 శాతం మాత్రమే.

ఇది వడ్డీ సక్రమంగా వచ్చినప్పటి మాట. మొదటి ఏడాది వడ్డీ వచ్చి, తర్వాత అయిదేళ్లు వ్యవహారం కోర్టులో నడిచిందనుకుందాం. ఆరేళ్లలో చేతికి వచ్చినది రూ. 1,80,000 మాత్రమే. సగటున ఏడాదికి 3 శాతం. బకాయి వడ్డీ చివరకు రావచ్చు. అయితే దావా వేసిన తర్వాతి కాలానికి ఒప్పందపు రేటు యథాతథంగా ఇవ్వాలా, తగ్గించాలా అన్నది చాలావరకు కోర్టు విచక్షణపై ఆధారపడి ఉంటుంది.

బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకొని వేలం వేసే అధికారం ఉన్నది. ప్రైవేటు ఋణదాతకు ఆ అధికారం లేదు. దావా, ప్రాథమిక డిక్రీ, తుది డిక్రీ, ఆపై వేలం, ఈ మెట్లన్నీ ఎక్కవలసిందే.

అందువల్ల ఆస్తి విలువకు, అప్పుకు మధ్య ఎడం ఉండాలి. రూ. 20 లక్షల స్థలంపై రూ. 14 లక్షలు 18 శాతానికి ఇస్తే, వడ్డీ ఆగిన రెండున్నరేళ్ల లోపే బాకీ ఆస్తి విలువను మించిపోతుంది. రూ. 10 లక్షలే ఇస్తే ఆ స్థితి రావడానికి అయిదున్నరేళ్లు పడుతుంది. విలువలో సగానికి మించి ఇవ్వరాదన్న పాత షాహుకార్ల నియమానికి ఆధారం ఈ లెక్కే. విలువ అంటే బ్రోకరు చెప్పిన ధర కాదు, తొందరలో అమ్మితే వచ్చే ధర.

ఏ రకం తనఖా?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం పలు రకాల తనఖాలను గుర్తించింది. బజారులో ఎక్కువగా కనిపించేవి మూడు. సాధారణ తనఖాలో ఆస్తి ఋణగ్రహీత స్వాధీనంలోనే ఉంటుంది, బాకీకి అతడు స్వయంగా కూడా బాధ్యుడు. స్వాధీన తనఖాలో ఆస్తి ఋణదాత చేతికి వస్తుంది. దాని అద్దెను, ఫలసాయాన్ని వడ్డీకి జమ కట్టుకోవచ్చు. అద్దె వచ్చే దుకాణానికి ఇది అనువైనది. కాగా మూడవది దస్తావేజులు డిపాజిట్ చేసే పద్ధతి. ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాలలో డిపాజిట్ చేస్తేనే ఇది చెల్లుతుంది. ఆస్తి మాత్రం ఎక్కడ ఉన్నా ఫరవాలేదు.

డిపాజిట్ పద్ధతి తప్ప మిగతా తనఖాలు రూ. 100, అంతకు మించిన మొత్తానికి రిజిస్టరు కావాలి. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. స్టాంపు ఖర్చు మిగుల్చుకోవాలని తెల్లకాగితంపై తనఖా రాయించుకున్న వర్తకుని చేతిలో ఉన్నది కాగితమే, ఆస్తి కాదు.

తనఖాకు బదులు విక్రయ దస్తావేజు రాయించుకొని, తిరిగి రాసిస్తామని విడిగా ఒప్పందం చేసుకునే అలవాటు కూడా ఉన్నది. 1929 సవరణ ప్రకారం తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే అది షరతు విక్రయ తనఖాగా పరిగణింపబడదు. ఋణగ్రహీతకు ఉన్న ఇల్లు పోయే ప్రమాదం ఇక్కడే. ఆ కుటుంబం కోర్టుకెక్కితే ఋణదాత సొమ్మూ ఏళ్ల తరబడి చిక్కుపడుతుంది. ఇక తనఖా దస్తావేజులో ‘గడువు దాటితే ఆస్తి నాదే’ అని రాయించుకున్నా ప్రయోజనం లేదు. బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకునే హక్కును అటువంటి షరతు హరించజాలదు.

చూడవలసినవి

ఈసీ తప్పనిసరి. తెలుగు రాష్ట్రాలలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో లభిస్తాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించాలి. అయితే ఈసీ ఖాళీగా ఉన్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. ఆస్తి పత్రాలు బ్యాంకులో డిపాజిట్ అయి, రిజిస్టరు కాకపోతే అది ఈసీలో కనబడదు. అటువంటి వాటి కోసం 2011లో ప్రారంభమైన సెర్సాయ్ కేంద్ర రిజిస్ట్రీలో రుసుము చెల్లించి వెతకవచ్చు. ముందు తనఖా ఉన్నవారిదే ముందు హక్కు. అసలు దస్తావేజులు చూపకుండా జిరాక్సులతో వచ్చేవారి విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం.

అసైన్డ్ భూములపై 1977 చట్టం, ఏజెన్సీ ప్రాంతాల భూములపై 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్ ఆంక్షలు విధించాయి. వీటిని తాకట్టుగా తీసుకోకపోవడమే మేలు.

తెలంగాణలో వడ్డీ వ్యాపారం చేసేవారికి 1349 ఫసలీ చట్టం ప్రకారం లైసెన్సు అవసరం. అది లేనివారి దావా కొట్టివేతకు గురికావచ్చు. వడ్డీ మితిమీరినదని తోస్తే 1918 చట్టం కింద కోర్టు లెక్కను తిరగదోడవచ్చు. రూ. 20,000, ఆపై అప్పును నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నవారికి ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడవచ్చు. చెక్కు ద్వారా ఇస్తే ఇరువురికీ రుజువు మిగులుతుంది.

గడువు సంగతి కూడా మరువరాదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే. గడువు లోపల చెల్లు వేయించుకుంటే తిరిగి మూడేళ్లు వస్తుంది. తనఖా ఆస్తిపై దావాకు, సొమ్ము చెల్లించవలసిన నాటి నుంచి 12 ఏళ్లు.

వర్తకుడు చివరగా ఒక్క ప్రశ్న వేసుకోవాలి. వచ్చే సీజనుకు ఈ సొమ్ము అవసరమా? మిర్చి టిక్కీ ధర తగ్గినా ఆ రోజే అమ్మి సొమ్ము చేసుకోవచ్చు. తనఖా పెట్టిన స్థలం విషయంలో ఆ వీలు లేదు. సరుకు కొనవలసిన సొమ్ము కోర్టు కాగితాలలో ఇరుక్కుంటే, రూపాయిన్నర వడ్డీకి ఇచ్చిన వర్తకుడే సీజను గడుపుకోవడానికి రెండు రూపాయల వడ్డీకి తేవలసి వస్తుంది. సీజనుతో సంబంధంలేని మిగులు సొమ్ముకే తనఖా అప్పు తగును.